ఫిన్లాండ్ టైపిస్టు అడిగిన ప్రశ్న

లండన్ దగ్గర వాట్‌ఫర్డ్ స్టేషన్ దాటాక రైలు ఆగిపోయింది. గంటసేపు తలుపులు తెరవలేదు. వారానికి ఎన్ని గంటలైనా పనిచేస్తానని ఆఫీసువాళ్లు సంతకం పెట్టమన్న కాగితం నా ఒళ్లో ఉంది. పెట్టకపోతే వర్క్ పర్మిట్ పోతుందేమోనని భయం.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ విషయం అడిగి తెలుసుకుంది. తను ఫిన్లాండ్‌లో టైపిస్టుగా చేసి రిటైరైందట.

"మా ఆఫీసులో యూనియన్ పెట్టుకుంటామంటే, గుమాస్తాలకు యూనియనేమిటని అందరూ నవ్వారు. మొదటి మీటింగుకి ముగ్గురమే వెళ్లాం," అంది.

"భయం వెయ్యలేదా?" అన్నాను.

"వేసింది. ఒక్కదాన్నే అయితే వాళ్లు చెప్పినచోటల్లా సంతకం పెట్టేసేదాన్ని. ఆఫీసులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు?"

రెండేళ్లుగా నా పక్క సీటులో ఉన్నామె గురించి పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయాను.

మర్నాడు ఆఫీసులో ఆమెనే అడిగాను, "నువ్వు సంతకం పెట్టావా?" అని. ఆమె అటూ ఇటూ చూసి, సొరుగులోంచి సంతకం లేని కాగితం తీసింది.