నిమ్మకాయ తొడిగిన వేలు

అల్ హైల్‌లో నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో కూరల్లోకి ఎండు నిమ్మకాయలు వాడతారు. నల్లబడి గుల్లగా మారిన ఆ కాయలను చితక్కొట్టి మరుగుతున్న పులుసులో వేసినప్పుడల్లా, ఆ పులుపూ చేదూ కలిసిన వాసనకు కడప దగ్గరి మా ఊరి వంటిల్లూ, మా అమ్మ ఉంగరపు వేలూ గుర్తొస్తాయి.

ఆ వేలికి ఎప్పుడూ నిమ్మకాయ తొడిగే ఉండేది. చలికాలం పొద్దున్నే మా నాయనమ్మ, జేజి, ఉగ్గాని టిఫినుకు బొరుగులు తడుపుతూ, మేం పిల్లలం అరుగు మీద గచ్చకాయలు ఎగరేసుకుంటూ ఉండగా, పెరట్లో తొట్టినీళ్లు తగలగానే అమ్మ కేక పెట్టి, చేయి చంకలో దాచుకుని ముడుచుకుపోయేది. వాపు లేదు, చీము లేదు, గోటి కింద కనీకనపడని నీలం మచ్చ తప్ప. "గోరుసుట్టేలేమే, రొండు దినాలకు పగుల్తాది" అంటూ జేజి నిమ్మకాయకు బొక్క పెట్టి, ఉప్పూ పసుపూ కూరి తొడిగేది. ఏళ్లు గడిచినా అది పగల్లేదు. ఉగాదికి ఓళిగలు తట్టేటప్పుడు కూడా అమ్మ ఆ ఒక్క వేలిని పైకెత్తి పట్టుకునేది, పూర్ణం వాసనలో నిమ్మ వాసన కలిసేది, "పని ఎగ్గొట్టేదానికి ఏం నటనో!" అని నాయన నవ్వేవాడు, ఇల్లంతా నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు. చిన్నపిల్లను, ఏం చేయగలను? ఆ చేతిని నా లంగాలో చుట్టి ఊదేదాన్ని.

మొన్న ఈ ఇంటి మేడమ్ ఫ్రీజర్‌లోంచి చేప తీస్తూ అచ్చం అదే కేక పెట్టింది. ఒక్కరూ నవ్వలేదు. ఆ సాయంత్రమే ఆస్పత్రికి తీసుకెళ్లారు, స్కానింగ్ తీయించారు, చిన్న ఆపరేషన్ అయింది. గోటి కింద ఆవగింజంత గడ్డ, అరుదుగా వస్తుందట, క్యాన్సర్ కాదట, కానీ చల్లదనం తగిలితే ప్రాణం తోడేస్తుందట, తీసేస్తే నొప్పి పోతుందట. కట్టు కట్టిన వేలు చూపిస్తూ మేడమ్ వచ్చీరాని హిందీలో చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. తన కోసమే అనుకుని పాపం నా భుజం తట్టింది.

మధ్యాహ్నం అందరూ పడుకున్నాక అమ్మకు వీడియో కాల్ చేసి అంతా చెప్పాను.

"అంటే నాది నటన కాదంటావా పాపా?"

"కాదుమా. నిజ్జంగా గడ్డే. కడపకు పోయి సూపిచ్చుకో."

"ఒక్కదాన్నే యాడికి పోయేది? నువ్వొచ్చినాక సూద్దాంలే."

నాకు కాంట్రాక్టు అయ్యేదాకా సెలవు లేదు. ఊదడానికి కూడా అందని చోట ఉన్నాను. జేజి లేదు, నాయన లేడు, ఆ అరుగు కూడా రోడ్డు వెడల్పు చేయడంలో పోయింది. అమ్మ ఆ వేలిని ఫోనుకు దగ్గరగా పెట్టి చాలాసేపు చూసుకుంది.

"నవ్వినోళ్లంతా పోయిరి. ఇప్పుడు ఎవురికి సెప్పేది పాపా?"