ఇసుకలో ముప్పై ఎనిమిది సెకన్లు

2004 ఏప్రిల్ రెండో వారం, చర్ల దగ్గర గోదావరి ఒడ్డు, ఉదయం ఎనిమిదిన్నర. దోనె పక్కన ఉన్న మనుషులు ముగ్గురు: సికింద్రాబాద్ నుంచి వచ్చిన పిల్లల డాక్టరమ్మ, దోనె నడిపే ముత్తయ్య, యాత్ర బాధ్యుడిగా నేను. సామాను: తాటి దోనె, వెదురు గెడ, కెమెరా, 300 ఎం.ఎం. లెన్సు, మూడుకాళ్ల స్టాండు, ముప్పై ఆరు ఫొటోల ఫిల్ము రీళ్లు ఆరు, మంచినీళ్ల క్యాన్లు రెండు, గొడుగు ఒకటి, బైనాక్యులర్స్, ఫారెస్టు రేంజి ఆఫీసు ఇచ్చిన అనుమతి పత్రం, దాని నకలు, నేను టైపు చేయించిన ఇరవై రెండు అంశాల జాబితా. ఆ జాబితా ప్రకారం మేము ఆరున్నరకే అవతలి ఇసుక దిబ్బ మీద ఉండాలి. దారిలో తనిఖీ దగ్గర జీపు ఆగిపోవడంతో రెండు గంటలు ఆలస్యమైంది.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, ఖమ్మంలో యాకూబ్ భాయ్ ఫొటో స్టూడియోలో కెమెరాలు బాగుచేసే పనిలో చేరాను. మాది తల్లాడ. పక్షుల ఫొటోలు తీసేవాళ్లను అడవికీ నీటి మడుగులకూ తీసుకెళ్లే పని యాకూబ్ భాయ్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు, ఆ బాధ్యత నాకు అప్పగించారు. 2009లో పాలిటెక్నిక్ ల్యాబులో చేరేదాకా అదే చేశాను. ముప్పై ఒకటికే రిటైరైనవాణ్ణి నిన్నే చూశాను బేటా అని ఆయన ఇప్పటికీ అంటుంటారు. ఇక్కడ చెప్పేది నేను ఒంటరిగా నడిపిన మొదటి యాత్ర సంగతి.

వేసవిలో అక్కడ గోదావరి పాయలుగా విడిపోతుంది. పాయల మధ్య తుంగ మొలిచిన మడుగులు, వాటి మధ్య ఇసుక దిబ్బలు తేలతాయి. ఆ దిబ్బల మీద టెర్న్ అనే పక్షి గుడ్లు పెడుతుంది. నల్లని నెత్తి, పసుపు ముక్కు, చీలిన తోక. ముత్తయ్య దాన్ని ఇసుకపిట్ట అనేవాడు. అది గూడు కట్టదు. ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే రెండు మూడు గుడ్లు పెడుతుంది. ఎండ పెరిగాక నీటికి వెళ్లి పొట్ట తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. డాక్టరమ్మకు కావలసింది ఆ ఒక్క ఫొటో. అంతకుముందు రెండు వేసవులు వేరే నదుల దగ్గర ప్రయత్నించి ఉత్త చేతులతో తిరిగి వెళ్లానని ముందురోజు భోజనాల దగ్గర చెప్పారు. ఆమె వయసు అప్పటికి అరవై దాటింది.

ఇలాంటి ఫొటోకు మరుగు గుడారం కావాలి. మేము దాన్ని హైడ్ అనేవాళ్లం. నాలుగు కర్రలు, మట్టిరంగు గుడ్డ, లెన్సు పట్టేంత కిటికీ. దాన్ని ఒకేసారి గూటి పక్కన పెట్టకూడదు. మొదటి రోజు ముప్పై మీటర్ల దూరంలో పెట్టి, పక్షి అలవాటు పడిన కొద్దీ రోజుకు కొంత జరపాలి. లోపలికి వెళ్లేటప్పుడు ఎక్కువమంది వెళ్లి, ఒకరు బయటికి వచ్చి గొడుగు ఊపుకుంటూ పక్షికి కనబడేలా వెళ్లిపోవాలి. పక్షికి లెక్క రాదు. అందరూ పోయారనుకుని గూటి మీదికి దిగుతుంది.

హైడ్‌ను ముత్తయ్య మూడు రోజుల ముందే ముప్పై మీటర్ల దగ్గర పాతి ఉంచాడు. డాక్టరమ్మకు మిగిలింది రెండు రోజులు. పక్షి పొడవు నలభై సెంటీమీటర్లు. ఫ్రేములో మూడో వంతు నిండాలంటే ఆ లెన్సుకు పది మీటర్ల దూరం కావాలి. నేను కాగితం మీద లెక్క వేసి, హైడ్‌ను నేరుగా పది మీటర్లకు జరపమన్నాను.

ముత్తయ్య నా చేతిలోని జాబితా తీసుకుని, కళ్లకు దూరంగా పెట్టి చదివాడు. పద్నాలుగో అంశం దగ్గర ఆగాడు. ఇరవై నిమిషాల్లో పక్షి గూటికి రాకపోతే బయటికి రావాలి, అని అక్కడ ఉంది.

"గీ ఇరవై ఎవలు చెప్పిన్రు, లిస్టు సారూ?"

పుస్తకంలో ఉందన్నాను. యాకూబ్ భాయ్ దగ్గరున్న విదేశీ పుస్తకం అది.

"గా పుస్తకం రాసినాయన చర్లకొచ్చిండా ఎప్పుడన్న?"

డాక్టరమ్మ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బాధ్యత నాది, నిర్ణయం నాది అన్నట్టు మాట్లాడాను. దిబ్బ చేరాక ముత్తయ్య హైడ్ కర్రలు పీకి, నేను అడుగులతో కొలిచి చూపించిన చోట పాతాడు. మేమిద్దరం లోపల కూర్చున్నాం. ముత్తయ్య గొడుగు ఊపుకుంటూ వెళ్లి, దోనెలో పాయ దాటిపోయాడు. అతను కనుమరుగు కాగానే నేను స్టాప్‌వాచ్ నొక్కాను. అప్పుడు సమయం తొమ్మిదీ ఐదు.

కిటికీలోంచి గుంట కనబడుతోంది. గుడ్లు మూడు, ఇసుక రంగు మీద గోధుమ మచ్చలు. పక్షి మా నెత్తి మీద తిరుగుతోంది. ఒకసారి ఆరేడు మీటర్ల ఎత్తుకు దిగింది, మళ్లీ లేచింది. డాక్టరమ్మ కన్ను కెమెరా మీదినుంచి తియ్యలేదు. వస్తుంది, వస్తుంది అని తనలో తాను అనుకుంటున్నారు. లోపల చెమటకు నా జాబితా కాగితం మెత్తబడింది. ఏడు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. పక్షి దిగలేదు. నా దగ్గర ఇంకా పది నిమిషాలు ఉన్నాయనుకున్నాను.

పన్నెండో నిమిషంలో ఇసుక మీద అడుగుల చప్పుడు వినబడింది. మేము తెల్లగుడ్డ చూపిస్తే తప్ప రాకూడని ముత్తయ్య, పిలవకుండానే వచ్చి హైడ్ గుడ్డ ఎత్తాడు.

నాకు కోపం వచ్చింది. ఇంకా ఎనిమిది నిమిషాలు ఉందనీ, ఇప్పుడు నిన్ను చూసి పక్షి ఇంకా దూరం పోతుందనీ అన్నాను. అతను నా కాళ్లకున్న కాన్వాసు బూట్ల వైపు చూశాడు.

"బూట్లిడిసి బైటికి రా, తమ్ముడూ. ఇసుకల నిలబడు. నువ్వెంతసేపు నిలబడతవో గుడ్డు గంతసేపే నిలబడుద్ది."

అప్పటిదాకా నన్ను సారూ అన్నవాడు తమ్ముడూ అన్నాడు. నేను బూట్లు విప్పి, మేజోళ్లు కూడా తీసి బయట నిలబడ్డాను. చేతిలో స్టాప్‌వాచ్ ఉంది కాబట్టి ఆ సమయం నాకు కచ్చితంగా తెలుసు. ముప్పై ఎనిమిది సెకన్లకు కాళ్లు ఎత్తేసి హైడ్ నీడలోకి దూకాను.

డాక్టరమ్మ నన్ను చూశారు. తన చెప్పులు విడిచి, ఒక పాదం ఇసుకలో పెట్టి, వెంటనే తీసుకున్నారు. తర్వాత ఎవరి మాటకూ ఎదురు చూడకుండా కెమెరాను స్టాండు నుంచి విప్పడం మొదలుపెట్టారు.

"మా వార్డులో నెల తక్కువ బిడ్డను వేడినిచ్చే వార్మర్ కింద పెట్టి, ఫొటో కోసం నర్సును బయటికి పంపితే నన్నేమంటారు?" అన్నారు. "పదండి."

హైడ్‌ను అక్కడే వదిలితే పక్షి దిగదు. పీకేదాకా గుడ్లు ఎండలోనే ఉండాలి. నేనూ డాక్టరమ్మా కర్రలు పీకుతుంటే, ముత్తయ్య గూటికి తూర్పున రెండడుగుల దూరంలో, తన నీడ సరిగ్గా గుంట మీద పడేలా నిలబడ్డాడు. గొడుగు తెరవలేదు. తెరిస్తే ఆ పిట్ట పాయ దాటిపోద్దని తర్వాత చెప్పాడు. అతని కాళ్లకు చెప్పులు లేవు. మేము హైడ్ మడిచి కట్టేదాకా, నాలుగు నిమిషాలు, అతను కదల్లేదు.

దోనె ఎక్కి అవతలి ఒడ్డు నుంచి బైనాక్యులర్స్‌లో చూశాం. కాసేపటికి పక్షి నీటి మీద వాలి, పొట్ట ముంచి, నేరుగా గుంట మీద దిగింది. రెక్కలు కొద్దిగా విప్పి గుడ్ల మీద సర్దుకుంది. డాక్టరమ్మ కెమెరా అప్పటికి సంచిలో ఉంది. ఆమె దాన్ని బయటికి తీయలేదు. బైనాక్యులర్స్ నాకిచ్చి, నువ్వూ చూడు అన్నారు.

తిరుగు దోనెలో ముత్తయ్యను అడిగాను, పక్షి దిగదని నీకెట్లా తెలుసని. హైడ్ జరపడానికి మేము దిబ్బ మీద అడుగుపెట్టగానే పక్షి లేచిందనీ, తాను అప్పటినుంచే లెక్కపెడుతున్నాననీ చెప్పాడు. నేను గడియారం నొక్కింది మాత్రం అతను కనుమరుగయ్యాక. హైడ్ పీకి పాతడం, సామాను సర్దడం, అతను పాయ దాటడం, అంతా కలిపి ఏడు నిమిషాలు నా లెక్కలో లేవు. నా స్టాప్‌వాచ్‌లో పన్నెండు నిమిషాలైనప్పుడు గుడ్లకు పంతొమ్మిది.

మరునాడు ముత్తయ్య చెప్పినట్టే చేశాం. చీకటి విడవకముందే బయలుదేరాం. హైడ్‌ను పాత చోటే, ముప్పై మీటర్ల దగ్గరే పాతాం. ఎండ పెరిగాక కూడా పక్షి గూటి మీదికి వచ్చి పోతూనే ఉంది. డాక్టరమ్మ రెండున్నర రీళ్లు తీశారు. వాటిలో బాగా వచ్చిన ఫొటోలో పక్షి చిన్నది. పొట్ట నుంచి కారే చుక్కలు నాలుగు మాత్రం విడివిడిగా కనబడతాయి. ఆమె ఆ ఫొటోను ప్రింటు వేయించి రెండు ప్రతులు పంపారు. ఒకటి ముత్తయ్యకు, ఒకటి స్టూడియోకు. ఇంకొంచెం దగ్గరగా తీయాల్సింది కదా అని స్టూడియోకు వచ్చినవాళ్లు అనేవాళ్లు. వాళ్లకు సమాధానం చెప్పడం నా పని అని యాకూబ్ భాయ్ తీర్మానించారు.

ఖమ్మం తిరిగొచ్చాక జాబితాలో మూడు మార్పులు చేశాను. గడియారం పక్షి లేచినప్పటి నుంచి నొక్కాలి. దూరం నిర్ణయించేది లెన్సు కాదు, దోనె నడిపే మనిషి. పద్నాలుగో అంశంలో ఇరవై కొట్టేసి, చెప్పులు విడిచి ఇసుకలో నిలబడి చూడాలి, నిమిషం నిలబడలేకపోతే ఆ రోజుకు హైడ్‌లోకి వెళ్లకూడదు అని రాశాను. తర్వాత ఐదేళ్లూ ప్రతి అతిథితో ఆ పని చేయించాను. ఎక్కడో కొలిచిన అంకెను ఇంకోచోట వాడేముందు అక్కడి మనిషిని అడగాలని నేను నేర్చుకున్నది ఆ ఉదయమే. నేర్పినందుకు ముత్తయ్యకూ, కోప్పడనందుకు డాక్టరమ్మకూ రుణపడి ఉన్నాను.

మే మొదటి వారంలో ముత్తయ్య చర్ల ఎస్టీడీ బూత్ నుంచి స్టూడియోకు ఫోన్ చేశాడు. ఆ గూటి సంగతి అడిగాను. పిల్లలు ఇసుకలో ఉరుకుతున్నయన్నాడు. ఎన్ని అని అడిగాను.

"ఒకటి ముందే మురిగినట్టుంది, తమ్ముడూ. మనకు తెల్వది గదా."

అది నా కోసం అన్న మాట అని నాకు తెలుసు. యాత్రల వివరాలు రాసుకునే నా నోటుబుక్కులో ఆ మాట రాసుకోలేదు. రాసుకున్నది ఇంతే: గుడ్లు మూడు, పిల్లలు రెండు.