సలోమి మేడం గీసిన మూడున్నర అడుగుల తలుపు

నిన్న పొద్దున్న పరంజా మీద ఉన్నాను. కొత్తపేట సైట్‌లో పై అంతస్తు ప్లాస్టరింగ్ జరుగుతోంది.

మేడం గారి తమ్ముడు ఫోన్ చేశాడు. "మేస్త్రీ గారూ, అక్క పోయిందండి."

ఏ అక్క అని అడిగాను. నిజంగానే అడిగాను. మొన్న సాయంత్రం ఇదే సైట్‌లో నిలబడి, కిటికీ లెవెల్ తేడా వచ్చిందని నన్ను దులిపేసి వెళ్ళిన మనిషి ఆవిడ.

గుండెపోటట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే అయిపోయిందట.

కిందికి ఎలా దిగానో నాకు తెలియదు.

తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. సలోమి మేడం అమలాపురంలో ఉండి ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఇళ్ళ ప్లాన్లు గీసేవారు. వాళ్ళ నాన్న కొబ్బరికాయలు వలిచే కూలి. ఆ ఇంట్లోంచి పాలిటెక్నిక్ చదువుకుని వచ్చారు. నేను తాపీ మేస్త్రీని. పన్నెండేళ్ళు కలిసి పని చేశాం. మాట్లాడుకున్న దానికంటే పోట్లాడుకున్నదే ఎక్కువ.

మొదట్లో ఆవిడ దగ్గర ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది. రైసు మిల్లులా ఒకటే మోత. పొద్దున్న పెడితే ఇంటి బొమ్మ సాయంత్రానికి తయారయ్యేది. మధ్యలో కరెంటు పోయిందా, మళ్ళీ మొదటికి.

మూడేళ్ళ క్రితం చిన్న డెస్క్‌టాప్ ఒకటి కొన్నారు. క్యారేజీలో ఒక గిన్నె అంత ఉంటుంది. పనిచేస్తోందో లేదో కూడా తెలియదు, అంత నిశ్శబ్దం.

దాన్ని స్కూటీ డిక్కీలో పెట్టుకుని ఊరూరా తిరిగేవారు. ఎవరింటికి వెళితే వాళ్ళ టీవీకే తగిలించి, ఇంకా పునాది కూడా తియ్యని ఇంట్లో వాళ్ళని గది గదికీ తిప్పేవారు. గోడ ఇటు జరపమంటే అక్కడికక్కడే జరిపి చూపించేవారు.

"మాకు వాస్తు పట్టింపులేం లేవండి, మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం" అన్నవాళ్ళే చివర్లో మెల్లిగా ఈశాన్యం ఒక్కటి చూడమనేవారు. ఆవిడ అస్సలు నవ్వకుండా మౌస్ కదిపి, ఆ తర్వాత నాకేసి ఒక చూపు చూసేవారు.

ఆ కంప్యూటర్‌ని మొదటిసారి చూసినప్పుడు నేను వెటకారం చేశాను. ఈ డబ్బా ఇల్లు కడుతుందా అన్నాను.

"కట్టేది మీరేనండి. మీరు తప్పు కట్టకుండా చూసేది ఇది."

ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళ సర్వీసు నాది.

ఆ తర్వాత నగరం అనే ఊళ్ళో ఒక టీచర్ గారి ఇల్లు మొదలైంది.

టీచర్ గారి అమ్మ మరియమ్మ గారు. పక్షవాతం వచ్చి వీల్‌చైర్‌లోనే ఉండేవారు. అద్దె ఇంట్లో బాత్రూంకి ఒక్కరే వెళ్ళలేరు. అందుకని కూతురు స్కూల్‌కి వెళ్ళిన దగ్గర్నుంచి తిరిగి వచ్చేదాకా ఆవిడ మంచినీళ్ళు తాగేవారు కాదు. ఎండాకాలంలో కూడా.

ఈ సంగతి మేడం గారికి తెలుసు. నాకు తెలియదు. నేను అడగలేదు.

ప్లాన్‌లో బాత్రూం తలుపు మూడున్నర అడుగులని ఉంది. పొరపాటున పడి ఉంటుందిలే అనుకున్నాను. మా మేస్త్రీలందరికీ బాత్రూం అంటే రెండున్నరే. ఇంకో మాట లేదు. రెండున్నర ఫ్రేము నిలబెట్టి గోడ లేపేశాను.

మేడం గారు వచ్చి టేపు పెట్టి చూశారు. టేపు చుట్టేసి స్కూటీ ఎక్కమన్నారు.

నన్ను ఆ అద్దె ఇంటికి తీసుకెళ్ళారు. డబ్బా తీసి టీవీకి తగిలించారు. నేను కట్టిన కొలతతోనే ఇల్లు కనబడింది. అందులో మరియమ్మ గారి కుర్చీ, కొలిచి మరీ పెట్టారు. మౌస్ నా చేతికి ఇచ్చారు.

"మరియమ్మ గారిని బాత్రూంలోకి తీసుకెళ్ళండి మేస్త్రీ గారూ."

తోశాను. కుర్చీ ఫ్రేముకి తగిలి ఆగిపోయింది. వెనక్కి లాగి తిప్పి తోశాను. మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి కూడా అంతే.

మరియమ్మ గారు పక్కనే కూర్చుని అంతా చూస్తున్నారు.

"పోన్లెండి, నాకు అలవాటేనండి" అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆ ఫ్రేము నేనే పీకాను, గోడ నేనే కొట్టాను. పనివాళ్ళని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

గృహప్రవేశం ప్రార్థన అయ్యాక అందరం హాల్లో ఉన్నాం. మరియమ్మ గారు కుర్చీ తోసుకుంటూ తనే లోపలికి వెళ్ళారు. గడియ వేసుకున్న చప్పుడు వినబడింది. టీచర్ గారు లేవబోతే మేడం గారు చెయ్యి పట్టుకుని ఆపారు.

కాసేపటికి ఆవిడ బయటికి వచ్చి మంచినీళ్ళు అడిగారు. ఒక గ్లాసు తాగి, ఇంకోటి అడిగారు.

మేడం గారు కళ్ళు తుడుచుకుంటూ నాతో అన్నారు. "చూసేరా మేస్త్రీ గారూ. ఇకమీదట ఏ ఇంట్లోనైనా ముందు కాపురం చేసి చూడాలండి. ఆ తర్వాతే కట్టాలి."

ఇళ్ళు రేపు ఎలా కట్టాలో ఎవరెవరో పెద్ద పెద్ద మాటలు చెబుతారు. మా మేడం స్కూటీ మీద వచ్చి, ముసలమ్మల ఎదురుగా కూర్చుని చేసి చూపించేశారు. కొబ్బరి వలిచే కూలి కూతురు. ఆవిడతో పనిచేశానని చెప్పుకోవడం నాకు ఎంత గర్వమో రాయడం చేతకావడం లేదు.

నిన్న ఆపేసిన పని రేపు మొదలుపెడతాను. అది కూడా మీ ప్లానే మేడం గారూ. కిటికీ మీరు చెప్పినట్టే దింపుతాను. నాకు అర్థం కాని కొలత ఏదైనా ఉంటే, అది ఎవరి కోసమో అనుకుని అలాగే కడతాను.

వెళ్ళి రండి. మీ ప్రభువు దగ్గర హాయిగా ఉండండి.