ఒడవని ఆట

ఈ మధ్య ఒక సభలో ఓ కుర్ర డాక్టరు, తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలను ఒకచోట చేర్చి ఆటలతో మనసు బాగుచేసే పద్ధతి కొత్తగా వచ్చిందని చెబుతుంటే నాకు నవ్వాగలేదు. కొత్తేమిటి, నా మొహం! వికారాబాదులో మా హాస్టలు వెనక రేకుల షెడ్డులో ప్రతి శనివారం మధ్యాహ్నం మాకు జరిగింది ఆ వైద్యమే. దానివల్ల మేలు జరిగిందా అంటే మాత్రం నా దగ్గర సగం జవాబే ఉంది.

పోలీసు చర్య నాటికి నేను చంకలో పిల్లను. నా పదకొండో ఏట మా అమ్మానాన్నలు ఇడుపు కాయితం రాసుకున్నారు. కులపెద్దలు కూర్చుని ఇద్దరి చేతికీ ఒక పుల్ల ఇచ్చి విరిపించారు. పుల్ల విరిగితే పెళ్లి తెగినట్టే. నేను ఆ అరుగు మీదే ఉన్నాను. నువ్వెవరి దగ్గర ఉంటావని నన్ను ఒక్కరూ అడగలేదు. ఎటు తోలమంటావని మేకను అడుగుతారా? నన్ను హాస్టలుకు తోలారు.

అక్కడ మాలాంటి వాళ్లం ఐదుగురం. మద్రాసులో చదివొచ్చిన టీచరమ్మ మమ్మల్ని ఏరి, మట్టిబొమ్మలు, కొబ్బరిచిప్పలు, పాత చీరపేలికలు ముందు పోసి, "ఏమాడుకుంటారో మీ ఇష్టం" అని గోడకు ఆనుకుని కూర్చునేది. ఆటలో వేలు పెట్టేది కాదు. ఆఖరున మాత్రం రెండు చప్పట్లు చరిచి, మా మాటలోనే "ఆట ఒడిసింది. ఇంక ఎవలు వాళ్లే" అనేది. ఆట అయిపోయిందన్న ఆ మాటతో అప్పటిదాకా అత్తలూ మామలూ అయినవాళ్లం మళ్లీ పిల్లలమైపోయేవాళ్లం.

మేమేం ఆడతాం? పంచాయతీ ఆడేవాళ్లం. నోరున్నదాన్ని కనుక తువ్వాలు తలకు చుట్టి తీర్పు చెప్పే ఊరిపెద్దను, నేనే పటేల్‌ని. విరవడానికి చీపురుపుల్లలు. ఊడ్చే ముసలామె సోమవారం పొద్దున తిట్టిపోసేది: "గీ పోరీలు సంసారాలు ఇరుస్తున్నరో, నా చీపురు ఇరుస్తున్నరో!"

మాలో అందరికంటే చిన్నది ఏడేళ్ల పిల్ల. తల్లిది మర్పల్లి. తండ్రిది తాండూరు, బండల గనిలో పని. వాళ్ల పుల్ల విరిగింది కానీ పిల్ల ఎవరి దిక్కన్నది ఇంకా తేలలేదు. తల్లి ప్రతి ఆదివారం వచ్చి మెట్ల మీద కూర్చోబెట్టుకుని దానికి తల దువ్వి పోయేది. ఆటలో ఆ పిల్ల ఎప్పుడూ పిల్ల వేషమే. పలికేది కాదు. విరిగిన పుల్లలు ఏరుకుని లంగా చెరగులో కట్టుకునేది.

ఆ శనివారం తల్లి వేషం కట్టిన అమ్మాయి పొద్దున్నే నా దువ్వెన పళ్లు రెండు విరగ్గొట్టింది. ఆ మంట నాలో ఇంకా ఉంది. నన్నెవరూ అడగలేదన్న ఉక్రోషంతో ప్రతి పంచాయతీలోనూ పిల్లను అడిగి తీరాలని నేను పెట్టిన నియమం ఒకటుంది. కనుక అడిగాను.

"చెప్పు బిడ్డా, అవ్వ దిక్కా, నాయిన దిక్కా?"

ఆ చిన్నది వంగి పుల్లలు ఏరుకుంటోంది.

"నోట్ల మన్ను వోసుకున్నవా? జల్ది చెప్పు."

"నా బిడ్డ నాకే గావాలె పటేలా!" అని తల్లి వేషం కట్టినది రాగం తీసింది.

"దువ్వెన సక్కగ వట్టరాదు నీకు, బిడ్డనేం సాదుతవ్? పో, పిల్ల నాయిన దిక్కు. పటేల్ మాట, రాతి మీది గీత!"

అందరూ విరగబడి నవ్వారు. అప్పుడే రేకుల మీద వడగళ్లు పడ్డాయి. కేకలు పెడుతూ ఏరుకోవడానికి బయటికి పరుగెత్తాం. ఆ రోజు చప్పట్లు లేవు.

పంచాయతీకని ఆ చిన్నదాన్ని ఊరికి తీసుకుపోయిన తల్లి పది రోజులకు ఒక్కతే వచ్చింది. నేను తలుపు వెనక ఉన్నాను.

"పెద్దమనుషులు అడిగిన్రమ్మా," అంటోంది టీచరమ్మతో. "నేను చేతులు సాపిన. నా బిడ్డ నా దిక్కు సూడలె. 'పటేల్ చెప్పిండు, నాయిన దిక్కు' అన్నది. మా ఊరోళ్లేమో తాండూరు పటేల్ చెప్పిండనుకున్నరు, ఆళ్లేమో మా పటేల్ చెప్పిండనుకున్నరు. పటేల్ మాట మీద ఎవలన్న నోరు దెరుస్తరా? ఏ పటేల్ అమ్మా? గీ మాట నా బిడ్డకు ఎవలు నేర్పిన్రు?"

టీచరమ్మ "నేనే" అంది. ఆమెను వెంటబెట్టుకుని పెద్దల దగ్గరికీ వెళ్లింది. "ఇరిగిన పుల్ల అతుకుతదా టీచరమ్మా?" అని పంపేశారట. తిరిగొచ్చాక నన్ను పిలిచి, "తప్పు నీది కాదు. చప్పట్లు కొట్టనిది నేను" అంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆ ఒక్క మాట మీద ఇప్పటికీ ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను.

తల్లికి మాత్రం నేను చెప్పలేదు. ఆమె ఆదివారాలు రావడం మానలేదు. మెట్ల మీద కూర్చుని, ఎవరు దొరికితే వాళ్లకు తల దువ్వేది. ఒక ఆదివారం నేను దొరికాను. నా దువ్వెన తీసి చూసి, "పండ్లు ఎవలు ఇరిసిన్రు బిడ్డా?" అంది. నేను తల ఇంకాస్త వంచాను. ఆమె వేళ్లు నా మాడు మీద ఇప్పటికీ కొన్ని ఆదివారాలు తిరుగుతాయి.

బి.ఏ. అయ్యాక ఆ పిల్లను వెతుక్కుంటూ తాండూరు వెళ్లాను. రైల్లో దారిపొడుగునా ఆ చప్పట్లూ 'ఆట ఒడిసింది' అన్న ఆ వాక్యమూ మనసులో అనుకుంటూనే ఉన్నాను. నాపరాళ్లు పేర్చిన వాడలో, గుమ్మం ముందు, చంకలో బిడ్డతో, ఎవరి మీదో ఆ సరిహద్దు ఊరి కన్నడంలో కేకలేస్తూ కనిపించింది. పదిహేడేళ్లుంటాయి. నన్ను చూసి కేకలాపి, కొంగు తలమీదికి లాక్కుని నిలబడింది.

"పటేలా! మంచిగున్నవా?"

ఎగతాళో నిజమో ఇప్పటికీ తెలియదు. చప్పట్లకని రెండు చేతులూ ఎత్తాను. తనను పిలుస్తున్నాననుకుంది కాబోలు, చంకలోని పసిది తల్లిని వదిలి నా చేతుల్లోకి వాలిపోయింది.

ఆమె నవ్వింది. "సూడు, గిది పటేల్ దిక్కు వోయింది."