గొలుసు ఉన్నదని రాసిచ్చినవాళ్ళం

మొన్న కంటి డాక్టరు దగ్గరికి పోదామని బంగారుపేటలో బెంగళూరు రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నా ఎదుటి సీట్లో ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెడలో ఆఫీసు కార్డు తగిలించుకున్న ఒకాయన ఇడ్లీ పొట్లం విప్పాడు. శ్రద్ధగా తిన్నాడు. చట్నీ కవరును చివరి చుక్క దాకా పిండుకున్నాడు. తర్వాత ఆకూ కాగితమూ కవరూ కలిపి ఉండ చుట్టి, కిటికీలోంచి పట్టాల మీదికి విసిరేశాడు. చెత్త బయట వేయరాదని ఆ కిటికీ పైనే మూడు భాషల్లో రాసి ఉంది. ఆయన మూడూ చదవగలడనే నా నమ్మకం. చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసి, ఈ దేశం ఎందుకు బాగుపడదో ఎవరికో టేకల్ దాకా వివరించాడు. నేను ఆయన వంక ఎంత ఏవగింపుగా చూడాలో అంతా చూశాను. మాలూరు వచ్చేసరికి మాత్రం, అలా చూసే హక్కు నాకెక్కడిదన్న సంగతి గుర్తొచ్చి తల తిప్పుకున్నాను.

ఊరిగాంలో మా ఇంటికి దగ్గర్లో బంగారు గని కంపెనీ కాలంనాటి మైదానం ఒకటుంది. చుట్టూ నీలగిరి చెట్లు, ఒక మూల రేకుల షెడ్డు, దూరంగా సైనైడుతో బంగారం తీశాక పారబోసిన మట్టి, మేం సైనైడు దిబ్బలనేవి. గాలి ఎక్కువగా వీచే నెలల్లో ఆ దిబ్బల మీది దుమ్ము వచ్చి బెంచీల మీదా మా పళ్ళ మధ్యా కరకరలాడేది. గని మూతపడ్డాక చాలా ఏళ్ళు అక్కడ మేకలు తప్ప ఎవరూ తిరగలేదు. ఆ తర్వాత బ్యాంకుల్లో, ఆఫీసుల్లో కూర్చుని కూర్చుని చక్కెర జబ్బు తెచ్చుకున్న నాలాంటివాళ్ళను డాక్టర్లు నడవమన్నారు. అలా వాకర్ల సంఘం పుట్టింది. నడవడానికి సంఘం దేనికని మీరడగవచ్చు. నడవడానికి కాదు, అక్కడ ఎవరు నడవకూడదో తేల్చడానికి.

సంఘానికి ప్రెసిడెంటు ఒక పెద్ద ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైనవాడు. రిటైరైన సంగతి ఇంట్లోవాళ్ళు ఆయనకు చెప్పినట్టు లేదు. మైదానం గేటు పక్కన బోర్డు పెట్టించాలన్నది ఆయన ఆలోచనే. వాహనాలు లోపలికి తేరాదు, కుక్కలను గొలుసు లేకుండా వదలరాదు, చెత్త వేయరాదు, ఉమ్మరాదు. ఇన్ని రాదులను ఆయన చెప్తూ ఉంటే, దస్తూరి బాగుంటుందన్న పేరున్న పాపానికి నేను రాశాను. మర్నాడు పొద్దున ఆ బోర్డు పక్కనుంచే ప్రెసిడెంటు కారు లోపలికి వచ్చి బెంచీ దగ్గర ఆగింది. వెనక తలుపు తెరవగానే దూడంత జర్మన్ షెపర్డ్ కిందికి దూకింది. గొలుసు కార్లోనే ఉండేది, కుక్క మైదానంలో ఉండేది. అది ఎక్కడ కూర్చున్నా, ఏం చేసినా, మేమందరం దాని తెలివిని మెచ్చుకునేవాళ్ళం. అది నా చెప్పు మీద తన పని కానిచ్చిన రోజున కూడా నేను మెచ్చుకున్నాను.

మెచ్చుకోనివాడు ఒక్కడే, మా చిన్నాయన. చిత్తూరు పక్క పల్లె నుంచి మా తాతతో పాటు గనికి వచ్చి, అక్కడే పెరిగి, వైండర్ నడిపే పనిలో చేరినవాడు. మనుషులను బోనులో కూర్చోబెట్టి, భూమిలోకి వేల అడుగులు దించి, మళ్ళీ పైకి లాగే యంత్రం అది. గని పోయాక ఆయన పొద్దునే సైకిల్ మీద మైదానానికి వచ్చి, గోనెసంచిలో సీసా పెంకులు ఏరేవాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సంఘంలో ఆయన సభ్యుడు కూడా కాదు. మావాళ్ళు ఆయన్ను చూసి నవ్వేవాళ్ళు. ఆయన మా చిన్నాయన అని కొత్తవాళ్ళకు చెప్పకుండా నేను చాలాకాలం జాగ్రత్తపడ్డాను.

ఒకరోజు ఆయన ప్రెసిడెంటు ముందు నిలబడి అడిగాడు.

"సార్, ఆ బోర్డు చూసినారా?"

"చూసేదేందప్పా, పెట్టించిందే నేను కదా," అన్నాడు ప్రెసిడెంటు. మేం నవ్వాం.

"అందుకే అడిగినాను," అని ఆయన మళ్ళీ పెంకులు ఏరుకోవడానికి పోయాడు. ఆ మాటకు మాత్రం ఎవరూ నవ్వలేదు. నవ్వాలా వద్దా అని అందరం ప్రెసిడెంటు మొహం వైపు చూశాం.

ఆ రోజుల్లోనే గౌనిపల్లి నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నాన్నకు టమాటా తోట. ఊరిగాంలో వాళ్ళ మేనత్త ఇంట్లో ఉండి, పోలీసు సెలెక్షన్లకు పరుగు సాధన చేసేది. మేం రెండు చుట్లు నడిచి బెంచీల మీద కూలబడి రాజకీయాలు మాట్లాడుకునే లోపల ఆమె లెక్కలేనన్ని చుట్లు తిరిగేది. మాకు చిరాగ్గా ఉండేది. మా నడకను మా కళ్ళముందే ఎవరో వెక్కిరిస్తున్నట్టు ఉండేది. మా చిన్నాయన మాత్రం ఆమె పరిగెత్తే దారిలో పెంకులు ముందుగా ఏరేవాడు. "పాపా, ఈ పక్క అయింది, ఇంగ పరిగెత్తుకో" అనేవాడు.

సెలెక్షన్లు ఇంక కొన్ని వారాలున్నాయనగా, ఒక పొద్దున ఆ కుక్క ఆమె వెంటపడింది. కరవలేదు, ఆ మాట నిజమే. ఉరికి మీద పడింది. ఆమె తూలి షెడ్డు మెట్టు మీద పడింది. చీలమండ దగ్గర ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను. ప్రెసిడెంటు బెంచీ మీద నుంచి లేవకుండానే, "అది ఏమీ చేయదమ్మా, నువ్వు పరిగెత్తితేనే దానికి కోపం" అన్నాడు. ఆమె ఏడవలేదు. రెండు చేతులతో కాలు పట్టుకుని, "నా సెలెక్షను, నా సెలెక్షను" అని మాత్రం అంటూ ఉంది. మా చిన్నాయన ఆటో పిలుచుకొచ్చి, ఆమెను ఎత్తి కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. మిగిలిన మేం పదకొండుమందిమి కుక్క బాగా బెదిరిపోయిందని దాన్ని ఓదార్చాం.

మేనత్త పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది. సాయంత్రానికి ప్రెసిడెంటు ఒక కాగితం తయారుచేయించాడు. కుక్కకు గొలుసు ఉన్నదనీ, ఆ అమ్మాయి తనంతట తానే కాలు జారి పడిందనీ దాని సారాంశం. తయారుచేసింది నేనే. నా దస్తూరి బాగుంటుంది కదా. కింద పదకొండు సంతకాలు, మూడోది నాది. మా అబ్బాయి బదిలీ విషయంలో ప్రెసిడెంటు ఎవరికో ఫోన్ చేస్తానని ఉన్నాడు. ఇది కారణం అని చెప్పుకుంటాను గానీ, ఫోన్ మాట లేకపోయినా పెట్టేవాణ్ణేనని నాకు తెలుసు. పదిమంది పెట్టేచోట పెట్టకుండా ఉండటానికి కావలసిన సరుకు నాలో లేదు.

మర్నాడు చిన్నాయన ఇంటికి పోయాను. నన్ను నేను సమర్థించుకోవడానికి. ఆయన సైకిల్ చక్రానికి గాలి కొడుతున్నాడు. నేను సంఘం పరువనీ, కుక్క కరవలేదనీ చాలాసేపు చెప్పాను. ఆయన పంపు ఆపాడు.

"నువ్వు చూసినావు కదరా?"

నేను చక్రం నొక్కి చూసి, గాలి చాల్లే అన్నాను.

"నేను వైండర్ నడిపేటప్పుడు కింద బోనులో ఎవరుండేదీ నాకు తెలీదు. ఒగ మొగం చూసింది లేదు. కింద నుంచి గంట ఇనపడేదాకా లివరు మీద చెయ్యి ఏసేది కాదు. నన్ను ఎవురు చూస్తా ఉండారు? ఎవురూ లేరు. అయినా ఏసేది కాదు," అన్నాడు. తర్వాత మళ్ళీ గాలి కొట్టుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

స్టేషన్లో ఆయన ఒక్కడే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పదకొండు సంతకాల ముందు పెంకులు ఏరే ముసలాయన మాట నిలవలేదు. అమ్మాయికి ఆ ఏడు సెలెక్షన్లు పోయాయి. నాన్న గౌనిపల్లి నుంచి వచ్చి, చాల్లే ఈ పరుగులు, ఇంక పెళ్ళి చేస్తానని తీసుకుపోయాడు. నెల తర్వాత చిన్నాయన బస్సెక్కి గౌనిపల్లికి పోయి, టమాటా మళ్ళలో ఆ నాన్న వెనకాలే సగం రోజు తిరిగి, "ఒగే ఒగ సంవత్సరం ఇయ్యప్పా, కాలు అతుక్కుండాది, మనసు కూడా అతుక్కోనీ" అని బతిమాలి ఒప్పించాడట. ఈ సంగతి మేనత్త చెప్తే తెలిసింది.

ఆ అమ్మాయి తిరిగి వచ్చేసరికి మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇలాంటి ప్రమాదాలు జరగకుండా సంఘం గట్టి చర్య తీసుకుంది. బోర్డు మీద ఒక వాక్యం చేర్చాం, మైదానంలో పరిగెత్తరాదు అని. తీర్మానం ఏకగ్రీవం. ఆ పరిగెత్తరాదు కూడా నేనే రాశాను. చిన్నాయన ఆ రాతను చదివి, "సరే, రోడ్డు మీద పరిగెత్తుదాం పాపా" అన్నాడు. సైనైడు దిబ్బల పక్కన పోయే రోడ్డు మీద ఆమె పరిగెత్తేది, లారీలు రాకుండా చూసుకుంటూ ఆయన వెనక సైకిల్ తొక్కేవాడు. మోకాళ్ళ నొప్పులతో ఏడాదంతా తొక్కాడు. మా మీటింగు జరిగే ప్రతిసారీ షెడ్డు బయట నిలబడి, "సార్, ఆ రాత తీసేయండి" అని ఒక్క మాట అడిగి పోయేవాడు. మేం దాన్ని తర్వాతి మీటింగుకు వాయిదా వేసేవాళ్ళం.

మరుసటి ఏడు ఆమెకు ఉద్యోగం వచ్చింది. ప్రెసిడెంటు సన్మానం పెట్టాడు. మా మైదానం కన్న ఆణిముత్యమన్నాడు, మా సంఘం ప్రోత్సాహమన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. నేను గట్టిగా కొట్టాను. ఆమె దండ వేయించుకుని, మైకు ముందుకు వచ్చి, చాలా మర్యాదగా, "సార్, కుక్కను కట్టినారా?" అంది. దండ తీసి, వెనక గోడకానుకుని నిలబడిన మా చిన్నాయన చేతిలో పెట్టి పోయింది. పోతూ నా ముందు ఆగి, "బాగుండారా అంకల్?" అంది. ఆ కాగితం ఆమె చదివిందో లేదో నాకీనాటికీ తెలియదు. చదివే ఉంటుంది.

ప్రెసిడెంటు ఇప్పటికీ ప్రెసిడెంటే. చిన్నాయన పోయి చాలా కాలమైంది. అమ్మాయి ఎక్కడో దూరపు జిల్లాలో పనిచేస్తోందని విన్నాను. ఆయనతో చెప్పాలని ఒక మాట, ఆమెతో చెప్పాలని ఒక మాట, రేపు చూద్దాం, ఈ పండగ కానీ అనుకుంటూ నా దగ్గరే పెట్టుకున్నాను. కాలం అన్నిటినీ మాన్పుతుందని అంటారు. నాకు తెలిసినంతలో అది చేసే పని ఒక్కటే, మనం క్షమించమని అడగవలసినవాళ్ళను ఒక్కొక్కరినే, ఏ తొందరా లేకుండా, మనకు అందనంత దూరం తీసుకుపోవడం.