నీళ్లలో నిలబడ్డ జీలుగ

నేను వృక్షశాస్త్రం చెబుతాను. ఉప్పల్‌లో ఒక జూనియర్ కాలేజీలో, ఎంట్రన్స్ పరీక్షలకు తయారయ్యే పిల్లలకి. చెప్పడమంటే, ఏ ప్రశ్నకి ఏ ఆప్షన్ టిక్కు పెట్టాలో చెప్పడం. మొక్కని ముట్టుకునే అవసరం ఇన్నేళ్లలో నాకు పెద్దగా రాలేదు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి నాచారంలో ఫ్లాట్ కొనుక్కున్నాక, బాల్కనీలో కరివేపాకు కుండీని కూడా ఎండబెట్టిన ఘనత నాది. అయినా మా అపార్ట్‌మెంట్‌లో మొక్కల గురించి ఏ సందేహం వచ్చినా నన్నే అడిగేవారు. నేనూ క్షణం ఆలోచించకుండా చెప్పేసేవాణ్ణి.

మాకు పాలు పోసే ఆవిడకి నాలుగు గేదెలు. ఫ్యాక్టరీలు రాకముందు నుంచీ వాళ్లది ఈ ఊరే. చెరువు కింద వాళ్ల మామకి వరి మడి ఉండేదట. మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ ప్లాటుకి ఆవిడే కాపలా. ఎవరూ చెత్త పోయకుండా చూస్తే చాలు, గడ్డి పెంచుకోమన్నాడు ఎక్కడో ఉండే ఓనరు. ఆవిడ మాత్రం రోజూ ఆటోలో పీర్జాదిగూడ దాటి వెళ్లి, మూసీ పక్కన పచ్చగడ్డి మోపులు కొని తెచ్చుకునేది.

జూన్‌లో ఒక పొద్దున గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఆవిడకి పాఠం చెప్పాను.

"అక్కా, ఆ మురికినీళ్ల గడ్డిలో ఏముంది? లూసర్న్ వేయి. పప్పుజాతి మేత. వేళ్లకి బుడిపెలుంటాయి, వాటిలో బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తుంది. యూరియా ఖర్చే ఉండదు. పాలు పెరుగుతాయి."

"మంచిదే సారూ. గని గా ప్లాటుల వానకాలం నీళ్లు నిలుస్తయ్ గద?"

"నిలిస్తే ఇంకా మంచిది. నీళ్లు పెట్టే పని తప్పుతుంది."

ఈ మాట అన్నది నేనే. ఎమ్మెస్సీ బోటనీ, ఫస్ట్ క్లాస్.

విత్తనాలు నేనే తెస్తానని ఉప్పల్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. "లూసర్న్ చలికాలం ముంగట ఏస్తరు గద సార్, గిప్పుడేంది?" అన్నాడు దుకాణదారు. నేను బోటనీ లెక్చరర్నని చెప్పాను. ఆయన వెంటనే నోరు మూసుకుని విత్తనాలు తూచాడు. డిగ్రీ అంటే మనవాళ్లకి ఉన్న గౌరవం అలాంటిది.

ఆవిడ నేల తవ్వి, పెంట వేసి, నేను చెప్పినట్టే చల్లింది. పల్లంగా ఉన్న మూలలో మాత్రం నా విత్తనం వేయలేదు. పాత గుడ్డసంచిలోంచి వేరే గింజలేవో చల్లుతోంది.

"అదేంటక్కా?"

"జీలుగ సారూ. ఉత్తగనే."

"అది పొలంలో పచ్చిరొట్ట ఎరువుకి వేస్తారు. గేదెలు తినవు" అని నవ్వాను.

"కలిపి పెడితే తింటయ్" అంది, తలెత్తకుండా.

లూసర్న్ పచ్చగా, ఒత్తుగా లేచింది. ఫొటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా అసోసియేషన్ ప్రెసిడెంట్, రిటైరైన ఇంజనీరు, 'సూపర్ సార్' అని రెండు దండాలు పెట్టాడు.

తర్వాత వానలు పడ్డాయి. మా గల్లీలో ఎవరు ఇల్లు కట్టినా పక్కింటికంటే రెండడుగులు ఎత్తు లేపుతారు. రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది పోస్తారు. అందరూ అలా ఎదిగిపోయాక పల్లంగా మిగిలింది ఆ ఒక్క ప్లాటు. అది చాలదన్నట్టు, మా సెల్లార్ నిండితే ప్రెసిడెంట్ మోటారు పెట్టించి పైపు ప్లాటులోకి తిప్పాడు. 'నీటి సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది' అని గ్రూపులో ప్రకటించాడు. చప్పట్ల బొమ్మలు కురిశాయి. అందులో ఒకటి నాది.

నాలుగో రోజుకి లూసర్న్ ఆకులు పాలిపోయాయి.

"సారూ, పచ్చగడ్డంత పసుపువారుతున్నది. ఏం జెయ్యాలె?"

ఆకులు పసుపు రంగైతే నత్రజని లోపం. ఆప్షన్ బి. "యూరియా చల్లు" అన్నాను. అక్కర్లేదని చెప్పిన అదే యూరియా.

"నీళ్లల్లనా?" అంది. నాకేసి ఒకసారి చూసి, చల్లింది. నీళ్లకి బలం పట్టి ఉంటుంది, మొక్కకి మాత్రం పట్టలేదు.

వారం తిరిగేసరికి మొక్క పట్టుకుంటే చేతిలోకి ఊడివచ్చేది. వేళ్లు గోధుమరంగులో మెత్తబడి, కుళ్లిన గుడ్డు వాసన కొట్టాయి. నేను అంతగా పొగిడిన బుడిపెలు వేళ్ల మధ్య నలిపితే జిగురుగా చితికిపోయాయి. మట్టి రేణువుల సందుల్లో ఉండే గాలినే వేరు పీలుస్తుంది. ఆ సందుల్లో నీళ్లు నిండితే వేరుకీ, దానిలోని బ్యాక్టీరియాకీ ఊపిరి ఉండదు. ఇది నాకు తెలియనిది కాదు. ఏటా చెప్పేదే. కాకపోతే అది వేరే చాప్టరు.

ఆవిడ తిట్టి ఉంటే బావుండేది. తిట్టలేదు. "పోతే పోయింది. జర ఇటు రాండ్రి సారూ" అని చీర ఎగదోపుకుని మూల వైపు నడిచింది. నేను ప్యాంటు మడిచి వెనకే దిగాను.

మోకాలి లోతు నీళ్లలో జీలుగ నడుమెత్తున, నిగనిగలాడుతూ నిలబడి ఉంది. ప్రతి కాండం చుట్టూ, నీటిమట్టానికి కాస్త కిందగా, తెల్లటి వేళ్లు గడ్డంలా వేలాడుతున్నాయి. కాండం అడుగు లావెక్కి, నొక్కితే థర్మాకోల్‌లా అణిగింది. ఆవిడ గోరుతో గీరి లోపలి తెల్లటి బెండు చూపించింది.

"మా మామ మడిల గూడ గిట్లనే ఉండేది. కిందియి మురిగితే పైనకెల్లి కొత్త ఏళ్లు ఏస్తది. గీ బెండులకెల్లి గాలి దిగుతదట."

కొత్త వేళ్ల మీద కూడా బుడిపెలున్నాయి. ఒకటి చీల్చి చూశాను. లోపల గులాబిరంగు. అంటే నత్రజని పట్టే పని జరుగుతోందన్నమాట. మా పాఠ్యపుస్తకంలో ఈ వేళ్ల పేరు 'అబ్బురపు వేర్లు'. ఎన్ని బ్యాచ్‌లకి ఆ మాట రాయించానో. అబ్బురపడటం మాత్రం అదే మొదటిసారి, బురదలో, పాలావిడ ముందు.

మర్నాడు ఒక మొక్కని బకెట్లో పెట్టి క్లాసుకి తీసుకెళ్లాను. ముందు బెంచీ అమ్మాయి కాండం నొక్కి చూసి ముచ్చటపడింది. "సార్, ఇది పరీక్షలో వస్తుందా?" అని అడిగింది. రాకపోవచ్చన్నాను. పెన్నులకి మూతలు పడ్డాయి. వాళ్లననడానికి లేదు, అలా తయారు చేసింది నేనే.

ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగు. విషయం దోమలు.

"ఆ పిచ్చిమొక్కల వల్లే సార్. మీరు ఎక్స్‌పర్టు కదా, పీకేయాలని ఆమెకి ఒక లెటర్ రాసివ్వండి" అన్నాడు ప్రెసిడెంట్.

"దోమలు మొక్కల వల్ల కాదు, మన పైపు వల్ల" అన్నాను.

ప్రెసిడెంట్ మెల్లగా, "మీ లూసర్న్ సంగతి చూశాంలెండి సార్" అన్నాడు. హాలంతా నవ్వింది. నా లెటర్ లేకుండానే తీర్మానం పాసైంది. నేను దాని మీద సంతకం మాత్రం పెట్టలేదు.

తీర్మానం అమలు చేయడానికి మనుషుల్ని వెంటబెట్టుకుని వాళ్లు వెళ్లేసరికి అక్కడ మొండి కాండాలే ఉన్నాయి. ఆవిడ పొద్దున్నే పైభాగమంతా కోసుకుపోయింది. ఇక పీకడానికేం లేదని వాళ్లు తిరిగొచ్చారు. గేదెలు మొదట వాసన చూసి మొహం తిప్పుకున్నాయట. ఎండుగడ్డిలో కలిపి పైన తవుడు చల్లితే తిన్నాయట. పది రోజులకి ఆ మొండి కాండాల నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. మావాళ్లు మళ్లీ మీటింగు పెట్టారు.

దసరా దాటాక ప్లాటు ఆరింది. ఆవిడ జీలుగ మొదళ్లని మట్టిలోకి తిరగేసి, నేలని ఎత్తు బోదెలుగా చేసి, మధ్యలో నీళ్లు పోవడానికి కాలువలు తీసింది. బోదెల మీద లూసర్న్ చల్లింది. ఈసారి నన్ను అడగలేదు.

పెరిగిందని విని ఒక పొద్దున చూడబోయాను. మోకాలెత్తు పచ్చదనం. ఏదో సలహా చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ కొడవలి నా చేతికిచ్చి, "జర ఓ మోపు కొయ్యిండ్రి సారూ" అంది.

రెండు పిడికిళ్లు కోశానో లేదో, ఆవిడ వచ్చి నా మణికట్టు పట్టుకుని, నా కాలి వైపు వస్తున్న కొడవలి మొనని పక్కకి తిప్పింది.