చంద్రపూర్ దగ్గు, గొరిల్లా పర్మిట్

అది 1997. మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, జట్‌పురా గేటు దగ్గర, ఒక మందుల దుకాణం పై అంతస్తులో నా ట్రావెల్ ఆఫీసు ఉండేది. అంతకుముందు చాలా ఏళ్లు ఒక దినపత్రికకు జిల్లా విలేకరిగా పనిచేశాను. పత్రిక మానేశాక చేతిలో మిగిలిన విద్యలు రెండే: ఎవరిని ఏం అడగాలో తెలియడం, ఏ రైలు ఎక్కడ ఆగుతుందో తెలియడం. ఆ రెంటితోనే దుకాణం తెరిచాను.

వ్యాపారంలో ఎక్కువ భాగం తిరుపతి, షిర్డీ బస్సులు, రైలు టికెట్లు, సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చే అతిథులకు తాడోబా పులుల అడవికి జీపులు. విదేశీ ప్రయాణమంటే ఏడాదికి ఒకటో రెండో. కానీ కాలం మారుతోంది. డాలర్లు దొరకడం ముందంత కష్టం కాదు. కేబుల్ టీవీ వచ్చి, ప్రపంచంలోని అడవులన్నీ పవర్‌హౌస్ కాలనీ క్వార్టర్లలోకి దిగాయి. అలా దిగిన అడవే ఒకటి శకుంతల మేడంను నా ఆఫీసు మెట్లెక్కించింది.

ఆమె మా జిల్లాలోనే, తెలుగువాళ్లుండే విరూర్‌లో పుట్టారు. చదువంతా మరాఠీలో. జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పేవారు. భర్త ప్రభాకర్ గారిది మంచిర్యాల. థర్మల్ పవర్ స్టేషన్‌లో బొగ్గు దింపి బాయిలర్లకు చేర్చే విభాగంలో ఇంజనీరు. ఆయనా వెంట వచ్చారు.

"అన్నా, గొరిల్లాను చూడాలె. జూల కాదు, అడవిల," అన్నారు ఆమె, ఇంకా కుర్చీలో కూర్చోకముందే.

"ఇంటి పక్కన తాడోబల పులి ఉండంగ, కోతిని చూడనీకి ఆఫ్రికా పోతదట," అన్నారు ప్రభాకర్ గారు. "జర నువ్వన్న చెప్పు అన్నా."

"కోతి అనకుండ్రి. తోక లేదు దానికి. కాలేజీల పోరగాండ్లకు ఒక్కసారి చెప్తే ఎక్కుతది. ఇంట్లున్న మనిషికి ఇన్నేండ్లాయె, ఎక్కలె."

నవ్వులయ్యాక ఆమె అసలు మాట చెప్పారు. పాఠ్యపుస్తకంలో గొరిల్లా బొమ్మ ఒకటుంది, మసిబారిన నలుపు తెలుపు బొమ్మ. ఏటా ఆ పాఠం దగ్గర ఎవరో ఒక పిల్ల లేచి, మేడం మీరు చూశారా అని అడుగుతుంది. లేదని చెప్పి పేజీ తిప్పేస్తారు. వచ్చే ఏడాదితో ఆమె ఉద్యోగం అయిపోతుంది. "చూడని దాని గురించే చెప్పుకుంట చెప్పుకుంట దిగిపోవాల్నా? ఒక్క ఏడన్న, చూసిన్నని చెప్పాలె," అన్నారు.

ఇలాంటి ప్రయాణానికి ఐటినరరీ రాయడం, అంటే ఏ రోజు ఎక్కడుండాలో వరుసగా పేర్చడం, తిరుపతి బస్సు వేసినంత తేలిక కాదు. ఉగాండాలోని బ్విండి అడవిలో కొన్ని గొరిల్లా కుటుంబాలు మనుషులకు అలవాటు పడ్డాయి. ఒక్కో కుటుంబం దగ్గరికి రోజుకు గుప్పెడు మందినే పంపుతారు, అదీ ఒక గంటకే. అందుకు ఇచ్చే అనుమతిని పర్మిట్ అంటారు. దాని మీద పేరుంటుంది, తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటితే అది చిత్తు కాగితమే. ముందు పర్మిట్ సంపాదించి, దాని చుట్టూ విమానాలు, సఫారీ, హోటళ్లు అల్లుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా బొంబాయిలో వేయించుకుని, ఆ కార్డు దగ్గర పెట్టుకోవాలి. అది లేకుండా ఆఫ్రికా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే వేరుగా ఉంచేస్తారు.

కంపాలాలోని ఒక ట్రావెల్ సంస్థతో ఫ్యాక్స్‌లు నడిపి రెండు పర్మిట్లు సంపాదించాను. వాటితో పాటు నియమాల కాగితం వచ్చింది. దంపతులను కూర్చోబెట్టి ఒక్కొక్కటే చదువుతున్నాను. గొరిల్లాలకు తినడానికి ఏమీ పెట్టకూడదు. దగ్గరికి వెళ్లకూడదు. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు.

సరిగ్గా అప్పుడు మేడం దగ్గారు. ఒకసారి, ఆగి మరోసారి.

మా ఊళ్లో దగ్గును ఎవరూ పట్టించుకోరు. బొగ్గు గనులు, పవర్‌హౌస్ చిమ్నీలు, సిమెంటు లారీలు. ఆరేసిన బట్టల మీద పడేదే గొంతులోనూ పడుతుంది. అంతకుముందు రెండు మూడుసార్లు వచ్చినప్పుడు కూడా ఆమె నా ఎదుటే దగ్గి ఉంటారు. నా చెవి దాన్ని దగ్గుగా లెక్కపెట్టలేదు. ఆ రోజు మాత్రం ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఇది దగ్గా?" అన్నారు ప్రభాకర్ గారు. "ఇది ఆమె ఎప్పుడూ చేసేదే గద."

"మీ నౌకరి నా గొంతుల చేస్తుండ్రు. గంతే," అన్నారు మేడం.

పత్రికలో ఉన్నప్పుడు ఏ ఆర్డరు చేతికొచ్చినా ఎందుకు అని అడగడం అలవాటు. ఆ రాత్రే కంపాలాకు ఫ్యాక్స్ పెట్టాను: ఈ నియమం ఎందుకు? మామూలుగా ముక్తసరిగా రాసే మనిషి, ఈసారి పేజీ నిండా జవాబిచ్చాడు. గొరిల్లాలు మనకు చాలా దగ్గరి జాతి కాబట్టి మన జబ్బులు వాటికి తేలిగ్గా అంటుకుంటాయట. మనకు అలవాటైన జలుబును తట్టుకునే శక్తి వాటికి లేదట. మనిషికి వారం రోజుల తుమ్ములు, అక్కడ ఒక కుటుంబం కుటుంబమే మంచాన పడవచ్చు. వాటి సంఖ్యే బాగా తక్కువ అని రాశాడు. ఇద్దరికీ ఆ జవాబు మొత్తం చదివి వినిపించాను. మేడం మళ్లీ చదవమన్నారు.

నా పని దారి వెతకడం. ముందు మా ఊరి ఛాతీ డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన ఎక్స్‌రే తీయించి, కఫం పరీక్ష చేయించి నవ్వారట. "ఇది రోగం కాదు మేడం, మీ అడ్రస్," అన్నారట మరాఠీలో. ఇది దుమ్ము వల్ల వచ్చే దగ్గు, ఎవరికీ అంటుకునేది కాదు అని ఇంగ్లీషులో సర్టిఫికెట్ రాసి ముద్ర వేశారు. ప్రభాకర్ గారు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి పాస్‌పోర్టుల మధ్య దాచుకున్నారు.

రెండో పనిగా ఐటినరరీని తిరగేశాను. మొదట ఉగాండా, తర్వాత కెన్యా అనుకున్నది మార్చి, ముందు కెన్యాలోని మసాయి మారాలో సఫారీ, చివర్న గొరిల్లాలు అని పెట్టాను. గాలి శుభ్రంగా ఉన్నచోట కొన్ని రోజులుంటే గొంతు తేరుకుంటుందని నా ఆశ. కాలేజీ సెలవుల్లో, పర్మిట్ తేదీకి సరిపడా ముందుగా, ఇద్దరూ బయల్దేరారు. అక్కడి నుంచి జరిగింది నాకు వాళ్లు తిరిగొచ్చాక ఒకరి మాట ఒకరు లాక్కుంటూ చెప్పిందే.

మసాయి మారాలో మేడం దగ్గు ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోయింది. ప్రభాకర్ గారైతే భయపడ్డారు. "అన్నా, రాత్రి చప్పుడు లేదు. ఏందోనని లేచి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిన." సింహాలను చూశారు, నది దాటే జీబ్రాలను చూశారు. పైకప్పు తెరిచిన వ్యానులో తెల్లారి చలిగాలికి తిరిగారు. అదే వ్యానులో ఒక విదేశీ యువకుడు తుమ్ముతూ కూర్చున్నాడు.

బ్విండికి వెళ్లే రోడ్డు మీద మేడం ముక్కు కారడం మొదలైంది. అడవి అంచున ఉన్న బసకు చేరేసరికి దగ్గు వచ్చింది.

పొద్దున పర్మిట్లు చూసే రేంజరు, అంటే అటవీ శాఖ అధికారి, యాత్రికులందరినీ వరుసగా నిలబెట్టి ఆరోగ్యం అడుగుతున్నాడు. వాళ్ల వంతు రాకముందే మేడం దగ్గారు. ప్రభాకర్ గారు వెంటనే ప్లాస్టిక్ కవరు తీసి సర్టిఫికెట్ అందించారు. రేంజరు మొదటి నుంచి చివరి వరకు చదివి, తల ఊపి తిరిగిచ్చేశాడు. వెళ్లవచ్చు అన్నాడు.

దారి దొరికింది. అడవి ఎదురుగానే ఉంది.

"ఆ కాగితం ఈ దగ్గుది కాదు," అన్నారు మేడం తెలుగులో, భర్తతో.

"ఏ దగ్గుదైతేంది? డాక్టర్ రాసిచ్చిండు, ఆయన పొమ్మన్నడు. నడువు."

"నా దగ్గు నాకు తెల్వదా? అది నాలుగు రోజుల కిందనే పోయింది. ఇది ఆ పిల్లగాని దగ్గర అంటుకున్నది. అన్న చదివింది మీరు ఇనలేదా?"

"ఇన్న. ఇంత దూరమొచ్చి ఇప్పుడా గదంత? మల్ల వస్తమా మనం?"

"రాము," అన్నారు ఆమె.

తర్వాత రేంజరు వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు: ఆ సర్టిఫికెట్ నిజమే, కానీ ఈ దగ్గు కొత్తది, నాకు జలుబు చేసింది. రేంజరు టోపీ తీసి చెయ్యి చాచాడట. చాలామంది ఇక్కడ దగ్గు మింగుతారు మేడం, అన్నాడట. ఆమె చెయ్యి కలపలేదు. జలుబని చెప్పి, దూరం నుంచే దండం పెట్టారు.

ప్రభాకర్ గారు కూడా ఆగిపోతానన్నారు. ఆమె ఒప్పుకోలేదు. "ఇద్దరం ఈడ్నే కూసుంటే చూసేదెవరు? మీకైతే జలుబు లేదు గద. పోండ్రి. ముక్కులు చూడుండ్రి, దేని ముక్కు దానిదే వేరే ఉంటది. తల్లి పిల్లను ఎట్ల పట్టుకుంటదో చూడుండ్రి. చేతులు చూడుండ్రి. ఊకె నిలబడి రాకుండ్రి."

ఆయన వెళ్లారు. మేడం ఆ బస ముందు ఒక బల్ల మీద రోజంతా కూర్చున్నారు.

సాయంత్రం ప్రభాకర్ గారు మోకాళ్ల దాకా బురదతో, దురదగొండి లాంటి ఆకులేవో గీరుకుపోయిన చేతులతో తిరిగొచ్చారు. బూట్లు విప్పనివ్వకుండానే ప్రశ్నలు మొదలయ్యాయి.

"నల్లగ ఉంది. పెద్దగ ఉంది."

"అది పుస్తకం బొమ్మలనే ఉన్నది. చేతులు?"

"చేతులా... మా యార్డుల పొద్దంత బొగ్గు దింపి కూసున్నోని చేతులెట్లుంటయో గట్లనే. అట్లనే ఒళ్లె పెట్టుకొని కూసున్నది, అలిసిపోయినట్టు."

"పిల్ల?"

"పిల్ల ఉంది. పెద్దదాన్ని చూసి ఛాతీ కొట్టుకోబోయింది. కొట్టుకుంట కొట్టుకుంట ఎన్కకు పడ్డది. తల్లి చూడనట్టే చూసింది."

"ముక్కులు?"

ఆయన ముక్కుల గురించి సరిగా చెప్పలేకపోయారు. అంత దూరం నుంచి కనిపించలేదన్నారు. మిగతావాళ్లకు కనిపించి మీకెందుకు కనిపించలేదని ఆమె నిలదీస్తే, అప్పుడు అసలు సంగతి బయటపడింది. దారిలో నడుస్తుంటే ఆయనకు అనుమానం వచ్చిందట. ఒకే గదిలో ఉన్నాం, ఒకే గ్లాసు నీళ్లు తాగాం, ఆ జలుబు నాలోనూ ఉంటే? అందుకే జేబురుమాలు మూతికి కట్టుకుని, అందరి వెనక, ఇంకా పది అడుగులు దూరంగా నిలబడ్డారు. ముందుకు రమ్మని ట్రాకర్, అంటే గొరిల్లాల జాడ వెతికే మనిషి, పిలిచినా వెళ్లలేదు.

"అప్పుడు నేను ఇంకేం అడగలె," అన్నారు మేడం నా ఆఫీసులో.

మా వ్యాపారంలో, చూడాలని వెళ్లింది చూడకుండా తిరిగొచ్చిన మనిషి మెట్లెక్కుతున్న చప్పుడు దూరం నుంచే తెలుస్తుంది. ఆ రోజు వాళ్లు వస్తున్నారని విని, మారా ముందు పెట్టడం నా ఆలోచనే కదా, ఏమంటారో అని సిద్ధమై కూర్చున్నాను. ఆమె తెచ్చింది ఒక పొట్లం కాఫీ గింజలు, ఒక మాట. "నువ్వు ఆ జవాబు చదివి చెప్పకపోతే నేను లోపలికి పోతుంటి అన్నా. పోయి, చూసిన్నని సంతోషపడుతుంటి. మంచిగ చదివి చెప్పినవ్." అంతకాలం విలేకరి పనిలో ఉండి నేనందుకున్న మెప్పులు కొన్ని ఉన్నాయి. ఇంత బరువైనది మరొకటి గుర్తు లేదు.

ఆ ఏడాది గొరిల్లా పాఠం రోజున ఆమె నన్ను కాలేజీకి పిలిచారు. వెనక బెంచీ మీద కూర్చున్నాను. ప్రభాకర్ గారు ఇస్త్రీ చొక్కాతో బోర్డు పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నారు. "నేను చూడలేదు. చూసింది ఈయన. ఏం కావాలన్నా ఈయన్నే అడగండి," అని మేడం మరాఠీలో చెప్పి కిటికీ దగ్గర కూర్చున్నారు. పిల్లలు గంట కొట్టేదాకా వదల్లేదు. ఆయన ఛాతీ కొట్టుకుని వెనక్కి పడి చూపించారు కూడా.

చివర్లో ఒక అమ్మాయి లేచి, పాఠం చెప్పేది మేడం కదా, మరి మేడంను ఆపి మీరెందుకు వెళ్లారు సార్ అని అడిగింది. ఆయన మేడం వైపు చూశారు. ఆమె సాయం రాలేదు.

"మేడంకు జలుబు చేసింది. అది గొరిల్లాలకు అంటుకుంటుంది," అన్నారాయన. "మనకు డాక్టర్ ఉన్నాడు. వాళ్లకు లేడు."

ఆ అమ్మాయి తలూపి కూర్చుంది. అర్థమైంది. ఆ తర్వాత ఎన్నో అడవులకు ఎందరినో పంపాను. ఏ నియమం చెప్పాల్సి వచ్చినా ముందు దాని వెనక ఉన్న ప్రాణి గురించి చెబుతాను, నియమం తర్వాత. వెళ్లాలో ఆగాలో మనిషి తనే తేల్చుకుంటాడు. నేను చేయాల్సింది ఇంతవరకేనని ఆ దంపతులు నాకు నేర్పారు.